వరద నీళ్లు ఇంట్లోకి వస్తే ఎవరిస్తారు డబ్బు? నగరవాసులు ముందే తెలుసుకోవాల్సిన విషయాలు

హైదరాబాద్: 2020 అక్టోబర్ 17 రాత్రి గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు హఫీజ్ బాబా నగర్‌లోని మా ఖాలా వాళ్లింట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తగ్గాక నేను వెళ్లేసరికి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు అన్నీ గల్లీలో కుప్పగా పడి ఉన్నాయి. అప్పటికి నాకు బీకాం అయిపోయి ఉద్యోగం దొరకని రోజులు. ఖాలూ ఒక ప్లాస్టిక్ ఫైల్ నా చేతిలో పెట్టి, "ఇంటి లోన్ తీసుకున్నప్పుడు ఇన్సూరెన్స్ కూడా కట్టించుకున్నారు బేటా, క్లెయిమ్ ఎట్లా వేయాలో చూడు" అన్నారు.

ఫైల్ మొత్తం చదివాను. అది ఇంటి ఇన్సూరెన్స్ కాదు. లోన్ తీసుకున్న మనిషి చనిపోతే మిగిలిన బాకీని బ్యాంకుకు కట్టే పాలసీ. ఇల్లు మునిగినా, కూలినా, కాలినా దానికి సంబంధం లేదు. ఆ మాట ఖాలూకు చెప్పడానికి నాకు అరగంట పట్టింది. చివరికి వాళ్ల చేతికి వచ్చింది ప్రభుత్వం ఇచ్చిన 10 వేల రూపాయలు మాత్రమే.

ఇలాంటి ఫైళ్లు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. అందుకే ఈ వ్యాసంలో రెండు విషయాలు చూద్దాం. మీ ఇల్లు నీటి దారిలో ఉందా లేదా అని ఎలా తెలుసుకోవాలి? నీళ్లు వస్తే ఏ ఇన్సూరెన్స్ పనిచేస్తుంది, ఏది పనిచేయదు?

నీళ్లు మూడు దారుల్లో వస్తాయి

మొదటిది మూసీ. 1908 సెప్టెంబర్ 28 నాటి వరద గురించి పెద్దవాళ్ల నోట వినని హైదరాబాదీ ఉండడు. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్న చోట ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో పైన రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం వాటిని తాగునీటి చెరువులుగానే చూస్తాం గానీ, కట్టింది ముందుగా వరదను ఆపడానికి.

అవి నిండితే గేట్లు ఎత్తక తప్పదు. ఉస్మాన్‌సాగర్‌కు 15 గేట్లు, హిమాయత్‌సాగర్‌కు 17 గేట్లు. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.50 అడుగులు. వార్తల్లో ఈ అంకెలు వచ్చినప్పుడు మూసానగర్, కమల్‌నగర్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్, జియాగూడ, పురానాపూల్ పక్కన ఉండేవాళ్లు వాటిని క్రికెట్ స్కోరులా చూడాలి. మట్టం పూర్తి స్థాయికి ఒకటి రెండు అడుగుల దూరంలో ఉండి, పైన వికారాబాద్ వైపు వాన పడుతోందంటే సామాన్ పైకి ఎత్తుకునే టైమ్ వచ్చినట్టే. మన గల్లీలో చుక్క పడకపోయినా సరే. 2025 సెప్టెంబర్ 26 రాత్రి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లు వచ్చింది ఇలాగే. గేట్లు ఎత్తారు, మూసీ పొంగింది, ప్రయాణికులు లోపల చిక్కుకుపోయారు. గేట్ల వార్తల్లో క్యూసెక్కు అనే మాట వస్తుంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్ల నీళ్లు.

రెండోది చెరువు. పాత నగరంలో 2020 నష్టం ఎక్కువగా దీని వల్లే జరిగింది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు, చివరికి మూసీకి నీళ్లు పోవాలి. మధ్యలో ఉన్న కాలువల మీద ఇళ్లు లేస్తే నీళ్లు దారి మర్చిపోవు, ఇళ్ల మధ్య నుంచే పోతాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి పల్లె చెరువు తెగి అల్ జుబైల్ కాలనీ, అలీనగర్ మునిగాయి. ఆ వాన సామాన్యమైనది కాదు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. నాలుగు రోజులకే గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ వైపు ఊడ్చుకుంటూ పోయింది. చెరువు తెగితే నీళ్లు మెల్లగా పెరగవు, ఒక్కసారిగా వస్తాయి. ప్రాణాలు పోయేది ఇక్కడే.

మూడోది నాలా, మోరీ. పెద్ద వాన పడితే నాలాలో పట్టని నీళ్లు రోడ్డు మీదికి, డ్రైనేజీ ఎదురు తన్ని బాత్రూముల్లోంచి ఇంట్లోకి వస్తాయి. ఇది ఏటా జరిగేదే, టోలిచౌకీ నదీమ్ కాలనీ వాళ్లను అడిగితే తేదీలతో సహా చెబుతారు.

వాన లెక్క కూడా కొంచెం తెలుసుకుంటే మంచిది. ఒక మిల్లీమీటర్ వాన అంటే ఒక చదరపు మీటర్ జాగా మీద ఒక లీటరు నీళ్లు. వంద గజాల ఇంటి మీద 10 సెంటీమీటర్ల వాన పడితే ఒక్క ఆ ఇంటి కప్పు నుంచే 8,300 లీటర్లకు పైగా దిగుతాయి, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్ ఒకటిన్నర. ఇలాంటి ఇళ్లు గల్లీకి యాభై ఉంటాయి, వాటన్నిటికీ కలిపి ఒక్కటే మోరీ. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటుంది, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు పడింది. ఆరోజు నగరం ఎలా ఉందో మీ ఇంట్లో పెద్దలను అడగండి.

మీ జాగా కథ ఏమిటి?

ముందు పేరు చూడండి. ఉర్దూ తెలిసిన వాళ్లకు ఇది తేలిక. తాలాబ్ కట్ట అంటే చెరువు కట్ట, పక్కనే మీర్ జుమ్లా చెరువు. మాసబ్ ట్యాంక్ అసలు పేరు మా సాహెబా తాలాబ్. పేరులో తాలాబ్, చెరువు, కుంట, కట్ట, నాలా ఉంటే అక్కడ ఎప్పుడో నీళ్లు ఉండేవి. అంటే అలాంటి ప్రతి ఇల్లూ మునుగుతుందని కాదు. కానీ ఆ మాట వినగానే ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, గల్లీలో ముప్పై ఏళ్లుగా ఉన్న వాళ్లను అడగండి: 2000లో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి, 2020లో ఎక్కడి దాకా వచ్చాయి? ప్లాట్ అమ్మే బ్రోకర్ ఈ రెండు ప్రశ్నలకు నవ్వుతాడు, జవాబు చెప్పడు. పక్కింటి గోడ మీద మరక చెబుతుంది.

రెండోది, ఎఫ్‌టీఎల్. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో ఆ గీత. ఎండాకాలంలో అక్కడ నీళ్లు ఉండవు కాబట్టి అది ఖాళీ జాగాలా కనిపిస్తుంది, ప్లాట్లు వేసి అమ్మేస్తారు. ఎఫ్‌టీఎల్ లోపల ఇల్లు కట్టడానికి అనుమతి ఉండదు. దాని బయట బఫర్ జోన్ ఉంటుంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, అంతకంటే తక్కువైతే 2 మీటర్లు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో చెరువుల వారీగా ఈ గీతల మ్యాపులు ఉన్నాయి. చెరువు పేరు, గ్రామం పేరు కొట్టి చూడొచ్చు. కాగితాల్లో "శిఖం" అనే మాట కనిపిస్తే అది చెరువు భూమి అని అర్థం, అక్కడితో ఆగిపోండి.

2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అంటే కూల్చివేత అనే భయం మాత్రమే మిగిలింది. ఆ గొడవ రాజకీయంగా ఎటైనా పోనీ, గీత చెప్పే అసలు విషయం ఒకటుంది: ఏదో ఒక ఏడాది నీళ్లు ఇక్కడికి వస్తాయి. కిరాయికి దిగేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. గ్రౌండ్ ఫ్లోర్ కిరాయి తక్కువ అంటే ఎందుకు తక్కువో ముందు అడగండి.

సర్కారు సాయం మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు?

2020లో తెలంగాణ ప్రభుత్వం ముంపు ఇళ్లకు 10 వేలు ప్రకటించింది. పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, కొంత కూలితే 50 వేలు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ అజిత్ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి మునిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ఇచ్చింది. ఇవ్వడం మంచిదే, ఆ రోజుకు బియ్యం, పాలు వస్తాయి. కానీ అది నష్టపరిహారం కాదు, తక్షణ సాయం. ఒక మామూలు ఇంట్లో ఫ్రిజ్, మంచాలు, కుట్టుమిషన్, టీవీ, బీరువా కొత్తగా కొనాలంటే ఎంతవుతుందో ఒక్కసారి కాగితం మీద రాసి చూడండి.

ఇంటి ఇన్సూరెన్స్: భారత్ గృహ రక్ష

2021 ఏప్రిల్ 1 నుంచి ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అందరికీ ఒకే రకం షరతులతో ఒక ఇంటి పాలసీ తెచ్చింది. పేరు భారత్ గృహ రక్ష. అగ్ని నుంచి ఇళ్లను కాపాడే బీమా వ్యాపారం చేసే జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు దీన్ని అమ్మాలి. అగ్నిప్రమాదం, భూకంపం, తుఫానుతో పాటు వరద, ముంపు కూడా ఇందులో ఉన్నాయి. విడిగా వరద కవర్ కొనాల్సిన పని లేదు. ట్యాంకు, పైపు పగిలి జరిగిన నష్టం కూడా వస్తుంది.

అమెరికాలో పిల్లలున్న వాళ్లు ఇక్కడ కొంచెం తికమక పడుతున్నారు. అక్కడ మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు, ప్రభుత్వ పథకం కింద వేరుగా కొనాలి. 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్‌లో చాలామందికి ఇది అప్పుడే తెలిసింది. మన దగ్గర పద్ధతి వేరు, వాళ్ల వీడియోలు చూసి భయపడొద్దు.

ఎంతకు తీసుకోవాలి? ఇక్కడే ఎక్కువమంది తప్పు లెక్క వేస్తారు. ఇల్లు 80 లక్షలు పలుకుతుంది కాబట్టి 80 లక్షలకు పాలసీ కావాలేమో అనుకుని, ప్రీమియం ఎక్కువ అవుతుందని వెనక్కి తగ్గుతారు. 80 లక్షల్లో ఎక్కువ భాగం జాగా ధర. జాగా వరదకు కొట్టుకుపోదు. పాలసీ లెక్క కట్టేది మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు మాత్రమే: కార్పెట్ ఏరియాను చదరపు మీటర్ నిర్మాణ ఖర్చుతో గుణించాలి. ఉదాహరణకు 60 చదరపు మీటర్ల ఇల్లు, మీటరుకు 20 వేల ఖర్చు అనుకుంటే 12 లక్షలు. అంతే. ఇంత కవర్‌కు ఏడాది ప్రీమియం సాధారణంగా వందల్లో ఉంటుంది, వేలల్లో కాదు. రెండు మూడు కంపెనీల దగ్గర కనుక్కుని తీసుకోండి. ఒకేసారి పదేళ్ల వరకు తీసుకునే వీలు కూడా ఉంది.

బిల్డింగ్ కవర్ తీసుకుంటే ఇంట్లో సామాన్‌కు దానిలో 20 శాతం కవర్ దానంతట అదే వస్తుంది, గరిష్ఠంగా 10 లక్షలు. పై ఉదాహరణలో 2 లక్షల 40 వేలు. సామాన్ అంతకంటే ఎక్కువ ఉంటే జాబితా ఇచ్చి పెంచుకోవచ్చు. బంగారు నగలు, ఖరీదైన వస్తువులకు విడిగా అదనపు కవర్ తీసుకోవాలి. నోట్ల కట్టలు, కాగితాలు, బండ్లు ఇందులోకి రావు. కమిటీ డబ్బులు బీరువాలో పెట్టే అమ్మీలకు ఈ మాట చెప్పండి.

ఇంకో రెండు మంచి అంశాలు చాలామందికి తెలియవు. నీళ్లు వచ్చి ఇల్లు వదిలి చుట్టాల ఇంటికి వెళ్లినప్పుడు దొంగలు పడితే, ఆ ముంపు వల్ల జరిగిన దొంగతనం ఏడు రోజుల లోపు అయితే అది కూడా కవరే. ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే వేరే చోట ఉన్న కిరాయికీ ఇందులో చోటుంది.

రానిది ఏమిటంటే, ఏళ్లుగా ఉన్న లీకేజీ, గోడ చెమ్మ, పాతబడి ఊడిపోయిన పెచ్చులు. ఇవి వరద కాదు, మరమ్మతు. వాన పడ్డ మరుసటి రోజు క్లెయిమ్ వేస్తే సర్వేయర్ ఆ తేడా ఇట్టే పడతాడు.

కిరాయి ఇంట్లో ఉన్నవాళ్లు, నోటరీ ఇళ్ల వాళ్లు

కిరాయిదారులకు ఇన్సూరెన్స్ ఎందుకు అంటారు. గోడలు ఓనర్‌వి, సామాన్ మీది. సామాన్‌కు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. నిజానికి మునిగే గ్రౌండ్ ఫ్లోర్‌లలో ఎక్కువగా ఉండేది కిరాయి కుటుంబాలే, ఈ పాలసీ అసలు కావాల్సింది వాళ్లకే.

నోటరీ కాగితాల మీద కొన్న ఇళ్లది కష్టమైన విషయం. పాత నగరంలో ఇలాంటివి గల్లీ గల్లీకి ఉన్నాయి. ఇన్సూరెన్స్‌లో మూల సూత్రం ఏమిటంటే, ఆ ఆస్తికి నష్టం జరిగితే మీకు నష్టం జరుగుతుందని చూపించగలగాలి. రిజిస్ట్రేషన్ లేకపోతే బిల్డింగ్ విషయంలో క్లెయిమ్ టైమ్‌లో ప్రశ్నలు వస్తాయి. పాలసీ ఇచ్చేటప్పుడు ఏజెంట్ "ఏం కాదు భాయ్" అంటాడు. ఏజెంట్ మాట కాదు, కంపెనీ నుంచి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. సామాన్ విషయంలో ఈ చిక్కు తక్కువ, బిల్లులు మీ పేరు మీద ఉంటే చాలు. కొడుకు సౌదీలో ఉండి ఇల్లు అతని పేరు మీద ఉంటే, బిల్డింగ్ పాలసీ అతని పేరు మీదే తీసుకోవాలి. తండ్రి పేరు మీద తీసుకుని తర్వాత పరేషాన్ అయ్యే కన్నా ఇది నయం.

ప్రపోజల్ ఫారంలో ఇంతకుముందు నీళ్లు వచ్చాయా, ఇల్లు ఏ రకం కట్టడం అని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచిపెట్టి తీసుకున్న పాలసీ నీళ్లు వచ్చిన రోజు కాగితమే అవుతుంది.

బ్యాంకు లోన్ ఉన్నవాళ్లు ఈ రోజే ఫైల్ తీసి చూడండి. పాలసీ మీద "లైఫ్", "లోన్ ప్రొటెక్ట్", "క్రెడిట్" లాంటి మాటలుంటే అది మనిషికి సంబంధించినది. "ఫైర్", "హోమ్", "గృహ రక్ష" ఉంటే ఇంటికి సంబంధించినది. కొన్నిసార్లు ఇంటి పాలసీ ఉన్నా మొదటి ఏడాదికే తీసుకుని వదిలేస్తారు, గడువు తేదీ చూడండి.

దుకాణాలకు లెక్క వేరు

ఒక్క చోట మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. కిరాణా, బట్టల దుకాణం, జరీ కార్ఖానా అన్నీ ఇందులోకే వస్తాయి. వరద ఇందులో కూడా ఉంది. కానీ ఇంటి పాలసీలో లేని ఒక కోత ఇక్కడ ఉంది, దాన్ని అండర్ ఇన్సూరెన్స్ అంటారు.

దుకాణంలో 20 లక్షల సరుకు ఉంది, ప్రీమియం తగ్గించుకోవడానికి 10 లక్షలకే పాలసీ తీసుకున్నారు అనుకుందాం. నీళ్లొచ్చి 4 లక్షల సరుకు పాడైంది. పాలసీ 10 లక్షలు ఉంది కదా, 4 లక్షలూ వస్తాయి అనుకుంటాం. రావు. సగానికే ఇన్సూర్ చేశారు కాబట్టి సగమే, 2 లక్షలు ఇస్తారు. తేడా 15 శాతం లోపు ఉంటే పట్టించుకోరు, దాటితే కోత. రంజాన్ ముందు, పెళ్లిళ్ల సీజన్ ముందు సరుకు రెండింతలు చేసేవాళ్లు పాలసీని కూడా అప్పటి సరుకుకు తగ్గట్టు పెంచాలి. స్టాక్ రిజిస్టర్, జీఎస్టీ రిటర్నులు, కొనుగోలు బిల్లులు ఒకదానితో ఒకటి సరిపోవాలి. పన్ను కోసం ఒక లెక్క, క్లెయిమ్ కోసం ఇంకో లెక్క చూపిస్తే రెండూ పోతాయి. కొన్ని పాలసీల్లో సరుకు నేల మీద కాకుండా ఆరు అంగుళాల ఎత్తులో ఉండాలనే షరతు ఉంటుంది. షరతు ఉన్నా లేకున్నా బస్తాల కింద చెక్కలు వేయండి.

బండి విషయం

చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీ బండికి జరిగిన నష్టానికి ఒక్క రూపాయి ఇవ్వదు, వరదైనా సరే. ఓన్ డ్యామేజ్ ఉన్న పాలసీ అయితే ఇస్తుంది. అందులోనూ ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, టైర్లు, బ్యాటరీకి 50 శాతం తరుగు కోస్తారు, జీరో డిప్రిసియేషన్ తీసుకుంటే ఆ కోత తగ్గుతుంది.

అసలు గొడవ ఇంజిన్ దగ్గర. నీళ్లలో మునిగిన కారును, స్కూటర్‌ను స్టార్ట్ చేస్తే నీళ్లు ఇంజిన్ లోపలికి పోయి అది పట్టేస్తుంది. నీళ్ల వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల పాడైంది అని కంపెనీ ఆ ఖర్చు ఇవ్వదు. దీనికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంది. అది ఉన్నా లేకున్నా తాళం తిప్పొద్దు. బ్యాటరీ వైరు తీసేసి, ఫొటో తీసి, తోయించుకుని వర్క్‌షాప్‌కు పంపండి. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే పూర్తి నష్టంగా లెక్కకట్టి ఆ విలువ ఇస్తారు.

ఇన్సూరెన్స్ జాయెజా?

ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, దాటేయడం సరికాదు. వడ్డీ, అనిశ్చితి ఉన్నాయని వ్యాపార బీమాను ఒప్పుకోని ఉలేమా ఉన్నారు, అవసరం, పరిస్థితిని బట్టి అనుమతించిన వాళ్లూ ఉన్నారు. సభ్యులు చందాలు వేసుకుని ఒకరి నష్టాన్ని అందరూ పంచుకునే తకాఫుల్ పాలసీలు గల్ఫ్, మలేసియాలో ఉన్నాయి, ఇక్కడ ఇళ్లకు దొరకవు. ఇది ఫత్వా ఇచ్చే చోటు కాదు, మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. తీసుకోవద్దని నిర్ణయించుకుంటే ఆ ప్రీమియం డబ్బును నెలనెలా పక్కన పెట్టండి, గల్లీలో పదిమంది కలిసి పెడితే ఇంకా మంచిది. ఏదీ చేయకుండా ఉండటమే ఎక్కువ నష్టం.

నీళ్లు వచ్చిన రోజు ఏం చేయాలి?

ముందు మెయిన్ స్విచ్ ఆపండి. నీళ్లలో నిలబడి మాత్రం స్విచ్ ముట్టుకోవద్దు, 1912కు ఫోన్ చేసి విద్యుత్ సరఫరా ఆపించండి. పిల్లలు, పెద్దవాళ్లను పైకి పంపి, వీలైతే కాగితాలు, మందులు తీసుకోండి. సామాన్ తర్వాత.

నీళ్లు దిగాక మనవాళ్లు చేసే మొదటి పని కడగడం, పాడైనవి కబాడీకి వేయడం. మా ఖాలా కూడా అదే చేసింది, ఫ్రిజ్ ఆ రోజే పోయింది. ఇన్సూరెన్స్ ఉంటే అలా చేయొద్దు. గోడ మీద నీటి గీత కనిపించేలా, ప్రతి గది, ప్రతి వస్తువు, వీలైతే దాని మోడల్ నంబర్‌తో సహా వీడియో తీయండి. కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, ఈమెయిల్ కూడా పంపండి. కంపు కొడుతున్న పరుపులు ఇంట్లో ఉంచుకోలేరు కాబట్టి ఫొటో తీసి, కంపెనీకి చెప్పి బయట పెట్టండి. యంత్రాలు మాత్రం సర్వేయర్ చూసేదాకా ఉంచండి.

2024 నిబంధనల ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, రిపోర్టు వచ్చిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఇళ్లు, దుకాణాలకు లక్ష లోపు, బండ్లకు 50 వేల లోపు నష్టమైతే చట్టం ప్రకారం సర్వేయర్ తప్పనిసరి కాదు. బిల్లులు కొట్టుకుపోయాయా? కొన్న దుకాణంలో మళ్లీ ప్రింట్ అడగండి, బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ రికార్డు, ఈఎంఐ కాగితం, పాత ఈద్ ఫొటోలో వెనుక కనిపించే టీవీ, అన్నీ ఆధారాలే. వానాకాలం రాకముందే ఇల్లంతా ఒక ఐదు నిమిషాల వీడియో తీసి ఊళ్లో ఉన్న చుట్టాలకు పంపి పెట్టుకోండి.

డబ్బు ఇవ్వకపోతే, తక్కువ ఇస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో, 155255 నంబర్‌లో కూడా ఫిర్యాదు వేయొచ్చు. నెల రోజులైనా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే ఏడాది లోపు ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు ఆ ఆఫీసు మన లక్డీకాపూల్ ఏసీ గార్డ్స్‌లోనే ఉంది. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. ఫీజు లేదు, వకీల్ అక్కర్లేదు. పాలసీ కాపీ, క్లెయిమ్ నంబర్, కంపెనీకి రాసిన ఉత్తరం, వాళ్లిచ్చిన జవాబు, ఫొటోలు తీసుకెళ్లాలి.